రంగూను బీరువా

— అమ్మమ్మా, వచ్చే బుధవారం మా బడి పిల్లల్ని మ్యూజియంకి తీసుకెల్తన్నాం. నువ్వెప్పుడైనా సూసేవా అలాటిది?

సూసేను. ఎందుకు సూడనూ. మీ పలాస బడిలో నీకు సదువు సెప్పినోళ్లు పుట్టకముందే సూసేను. సూసి ఏటి బాగుపడ్డావని అడుగు, అది సెప్తాను. అలా కూకో. ఆ ఫేను కొంచెం తగ్గించు, మాట ఇనబడదు.

నాకప్పుడు పదేళ్లు. కాదు కాదు, మా సెల్లి పోయిన మరసటేడు కదా, పదకొండు. ఉద్దానంలో మా ఊరు, సముద్రం హోరు ఇంట్లోకే ఇనబడీది. ఆ రోజుల్లో ఆడపిల్లల్ని బడికి ఎవరంపుతారు? బడి మొత్తానికి ముగ్గురం. నన్నెందుకు ఏసేరంటే, మా అయ్య రంగూను ఎల్తా ఎల్తా మా అమ్మతో సెప్పేడంట, గుంటకి నాలుగచ్చరాలు ఒస్తే నానేసిన ఉత్తరాలు అదే సదివి పెడతాది, నువ్వు ఇంకొకల గుమ్మం ఎక్కక్కర్లేదు అని. నా సదువు అందుకే.

రంగూనంటే ఇప్పుడు మీకు ఏటో దూరదేశం గానీ, మావోళ్లకి అలా కాదు. బారువలో ఓడెక్కి పోయీవోరు, ఊరికి పదిమంది. అక్కడ ధాన్యం మిల్లుల్లో బస్తాలు మోసీవోరు. ఎవడైనా ఎల్తన్నాడంటే ముందురోజు ఊరంతా ఆడి గుమ్మం కాడికి మూటలట్టుకొని ఒచ్చీది. మావోడికియ్యి, మా బావకియ్యి అని. ఎండబెట్టిన నెత్తళ్ల సేపలు, సింతపండు, కొబ్బరుండలు. ఎల్లీవోడు కాదనకూడదు. ఆడి బట్టలు ఒగ్గేసైనా అందరి మూటలూ మొయ్యాల. అది మా ఊరి కట్టుబాటు.

మా అయ్య మొదటేడు నాలుగు ఉత్తరాలేసేడు. రెండో ఏడు ఒకటి. ఆ తర్వాత నేదు. మిల్లు మారిపోనాడేమో అని ఒకడు, ఒంట్లో బాగునేదేమో అని ఒకడు. మా అమ్మ మూటలు కట్టి ఇద్దరి సేత అంపింది. ఆళ్లు మళ్లీ రానేదు, కబురూ రానేదు.

అలాటప్పుడు మా మాస్టారు ఇంటికొచ్చేడు. బక్కమడిసి, మంచోడే పాపం. టెక్కలిలో ఒక బుగతోరి, పెద్ద భూస్వామిలే, బంగళా ఉండీది తల్లీ. ఆ బుగత ఓడల మీద దేశాలన్నీ తిరిగి, ఎక్కడికెల్తే అక్కడి సామాను కొని తెచ్చి, అద్దాల బీరువాల్లో పెట్టించేడు. ఆయన కాలం సేసేక, బడిపిల్లలికి అయన్నీ సూపించి సెప్పడానికని ఆయన కొడుకులు ఒక ముసలాయన్ని పెట్టేరు. ఆ ఏడు మా బడిని పిలిచేరు. మాస్టారు గుమ్మంలో నిలబడి, రంగూను ఉంది, సీనా ఉంది, మిస్రు దేశం ఉంది, పిల్లలు అన్నీ సూసొత్తారమ్మా అన్నాడు. మా అమ్మ రంగూను కాడే ఆగిపోనాది.

పిచ్చిదని అనుకోకు. రంగూను టెక్కలిలో ఉంటాదని అనుకోనేదు మా అమ్మ. రంగూను సామాను తెచ్చీవోడున్నాడంటే, అక్కడికి ఎల్లీవోడూ ఉంటాడు కదా అంది. ఆడి సేతికియ్యి అంది. నాకది సరైన మాటలాగే ఇనబడింది. ఆ రాతిరికే కొబ్బరుండలు సుట్టింది. దాసుకున్న కొత్త తుండుగుడ్డ ఒకటి తీసి, అందులో ఉండలూ నెత్తళ్లూ కట్టి నా సంకలో పెట్టింది.

పలాసలో రైలెక్కేం. నౌపడాలో దిగి సిన్నరైలెక్కేం. టిక్కెట్లు బుగతోరే ఇచ్చేరు, అణానో అణాన్నరో, నాకు గురుతు నేదు. మొదటిపాలి రైలెక్కేను, కిటికీలోంచి ఏటి సూసేనో అదీ గురుతు నేదు. మూట ఒక్కటే గురుతు. నెత్తళ్ల కంపు అని నా పక్కన ఎవరూ కూకోనేదు.

ఆ ముసలాయన బాగా సెప్పీవోడు, అబద్దమెందుకు. మమ్మల్ని సాపల మీద కూకోబెట్టి, సీనా ఆడదాని జోడు సూపించేడు, నా అరిసెయ్యంత ఉంది. మిస్రు దేశంలో, అదే మీరు ఈజిప్టంటారు, సచ్చినోళ్లని కాల్చరంట, గుడ్డలు సుట్టి పెట్టెల్లో దాసుకుంటారంట, బొమ్మ సూపించేడు. పిల్లలు నోళ్లు తెరుసుకొని ఇన్నారు. నానేదీ ఇననేదు. రంగూను ఎప్పుడొస్తాదా అని సూత్తన్నాను.

ఒచ్చింది. నల్లగా మెరిసే పెట్టెలు, గొడుగు, తాళ్లకి ఏలాడే బొమ్మలు, బంగారు రంగు దేవుడు. మా అయ్య మోసిన బస్తా ఒక్కటి నేదు అందులో. మిల్లు నేదు, కూలోడు నేడు. అక్కడ మావోళ్లు ఇంతమంది ఉన్నారా, ఒక్కడి గుడ్డముక్కైనా పెట్టనేదు. సరే, మాట పూర్తయ్యేదాకా ఆగి, లేచి, మూట సాపి, బాబూ ఇది మా అయ్యకి ఇవ్వండి అన్నాను.

పిల్లలు గొల్లున నవ్వేరు. మాస్టారు తల దించుకున్నాడు. ముసలాయన నవ్వనేదు. దగ్గిరికి పిలిసి, ఇయ్యన్నీ ఎప్పుడో కొన్నయ్యమ్మా, ఇక్కడినించి ఎవరూ ఎల్లరు అని సెప్పేడు. అయినా మా అయ్య పేరూ మిల్లు పేరూ అడిగి కాగితం మీద రాసుకున్నాడు. తెలిసినోళ్లకి ఉత్తరమేసి కనుక్కుంటానన్నాడు. ఆయన ధర్మం ఆయన సేసేడు.

తిరిగొచ్చీటప్పుడు నౌపడా టేసన్లో రైలు ఆలీసెం. పిల్లలికి ఆకలి. మూట ఇప్పీసేరు. ఉండలన్నీ తినీసేరు. నాను కూడా రెండు తిన్నాను. ఆకలేసింది తల్లీ, తిన్నాను. నెత్తళ్లు కుక్కలికి పోసేసి, తుండుగుడ్డ కదిలే రైల్లోంచి ఒదిలేసేను.

ఊరిబైట తాటితోపు కాడ మా అమ్మ నిలబడుంది. ఆ ముకం నీకెలా సెప్పను. పెళ్లిలో కూడా అలా ఉండుండదు. ఇచ్చేవా అంది. ఇచ్చేనమ్మా, మడిసి మంచోడు, వచ్చే ఓడలో ఎల్తాడంట అన్నాను. ఎవరూ సెప్పమననేదు. నోట్లోంచి దానంతట అదే ఒచ్చీసింది.

మూడు నెలలకి కార్డొచ్చింది. అమ్మ కొబ్బరి పీసు కొడతంది. కర్ర పడేసి పరిగెత్తుకొచ్చి, సదువే అని నా సేతిలో పెట్టింది. ముసలాయన రాసేడు. మీ తండ్రి జ్వరముతో కాలము చేసి ఏడాదిన్నర అయినదని మిల్లు మేస్త్రీ తెలియజేసినాడు, మీ అమ్మను ధైర్యముగా చూచుకొనవలెను అని. ఏడాదిన్నర. అంటే మా అమ్మ ఉండలు సుట్టినప్పటికే ఆయన నేడు.

సదవేటే, అంటంది. ఎదురుగా కూకొని నా నోరే సూత్తంది. నిజం సదివితే, మరి మూటెవరికిచ్చేవని అడగదా? అదొక్కటే నా బుర్రలో. మూట అందింది, ఉండలు బాగున్నాయి, తుండుగుడ్డ కట్టుకున్నాను, పైయేడు ఒత్తాను అని సదివేను. కార్డు మీద కళ్లు పెట్టే సదివేను. మా అమ్మ నవ్వింది. ఊళ్లో అందరికీ సెప్పుకుంది.

పైయేడు సూసింది. ఆ పైయేడు సూసింది. బారువకి ఓడొచ్చిందంటే నడిసి పోయీది. తర్వాత మానీసింది. నా ఉండలు తిన్నాడు, నా గుడ్డ కట్టుకున్నాడు, రాడానికి కాళ్లు నేవు, అక్కడెవత్తినో కట్టుకున్నాడు అనడం మొదలెట్టింది. తెల్లారి లేత్తే అదే. అన్నం ముందర కూకున్నా అదే. అంత నెమ్మదైన మడిసి, నోరు విషమైపోనాది.

నాకు పెళ్లయిన ఏడు రంగూను నించి ఒకాయన ఒచ్చేడు, మా అయ్యకి అన్న వరసవుతాడు. మీ ఆయన నా సేతుల మీదే పోనాడమ్మా, గాజులు తీసీ అని ఉన్నమాట సెప్పేడు. మా అమ్మ ఆయన్ని సీపురట్టుకొని తరిమింది. ఊరోళ్లు మూగేరు. అందరి ముందరా నా రెక్కట్టుకొని ముందుకి లాగింది.

“సెప్పే. ఉత్తరం సదివింది నువ్వే కదా. అందిందని రాసేడా, నేదా?”

“రాసేడమ్మా,” అన్నాను.

అప్పుడైనా సెప్పొచ్చును. పదిహేడేళ్లు నాకు, కడుపుతో ఉన్నాను, సిన్నపిల్లనేం కాదు. కానీ ఆ మాట తీసీత్తే ఆవిడకి ఏటి మిగుల్తాదని అనుకున్నాను. కాదులే, అదీ అబద్దమే. నాకు భయమేసింది. అంతే.

ఇంకా పన్నెండేళ్లు బతికింది. గాజులతో, బొట్టుతో, ఆయన్ని తిట్టుకుంటా. పోయీ ముందర నాతో సెప్పింది, ఆడు ఎప్పుడైనా ఒత్తే నా పేరెత్తనివ్వకు, గుమ్మం తొక్కనివ్వకు అని. అలాగేనమ్మా అన్నాను. ఆవిడకి దినాలు సేసేం. మా అయ్యకి ఎవరు సేసేరు? ఎవరూ సెయ్యనేదు. బతికున్నోడికి దినమెలా పెడతారు?

ఎల్లు తల్లీ, నీకు పొద్దుపోతంది. పిల్లల్ని జాగర్తగా తీసుకెల్లు, ఆళ్లూ నువ్వూ సల్లగుండాల. నాకేటి, పడుకుంటాను. కళ్లు మూత్తే మా అమ్మ తిట్లే ఇనబడతాయి, ఇంతకాలమయినా. ఏటి తప్పు సేసేడమ్మా ఆయన? సచ్చిపోనాడు. అంతే కదా...