శాలువాలు చాలు, ఆల్బమ్ కొనండి

నా రిటైర్మెంటు సభకు అధ్యక్షత వహిస్తున్న మా కోల్డ్ స్టోరేజీ మేనేజరు నాగేంద్రబాబు గారికి, పనులు మానుకుని వచ్చిన రైతు పెద్దలకు, పని మానడానికి సాకు దొరికిందని వచ్చిన మా ఆఫీసు మిత్రులకు, బయట నీడలో కూర్చున్న, బస్తాలు మోసే ముఠా కార్మిక సోదరులకు, అందరికీ ఈ జహీరున్నీసా నమస్కారం, సలాం. (నవ్వులు)

ముందుగా ఈ శాలువాలకు కృతజ్ఞతలు. ముప్పై నాలుగేళ్లు చలిగదుల్లోకి పోయి, టెంపరేచర్ రిజిస్టరులో రాసుకుని, వణుక్కుంటూ బయటికి వచ్చిన రోజుల్లో నాకు ఒక్కరూ ఒక్క శాలువా ఇవ్వలేదు గానీ, ఇవాళ మే నెలాఖరున, గుంటూరు ఎండలో, ఫ్యాను నావైపు తిరగని ఈ వేదిక మీద ఏకంగా తొమ్మిది కప్పారు. మీ అభిమానంలో తడిసిపోయాను, నిజంగానే.

ఇందాక మాట్లాడిన వాళ్లంతా నేను నెమ్మదస్తురాలినని, గొంతు పెంచి ఎరగనని మెచ్చుకున్నారు. నా కుర్చీ వెనక గోడకి అవతలే కంప్రెసర్ ఉంది. అది పొద్దస్తమానం మాట్లాడుతుంటే నేను గొంతు పెంచి ఏం లాభం? అయితే ఆ మోత నాకు అలవాటైంది, తర్వాత ఇష్టమైంది. మా చెల్లెలి కొడుకు ముదస్సిర్ ఒకరోజు హెవీ మెటల్ పాట పెడితే ఇంట్లో అందరూ చెవులు మూసుకున్నారు, నాకు మాత్రం సొంతూరి బస్సు ఎక్కినట్టు ప్రాణం కుదుటపడింది.

అప్పట్నించి ప్రతి శుక్రవారం ఆఫీసు బోర్డు మీద ఒక కొత్త ఆల్బమ్ పేరు రాస్తూ వచ్చాను. పెద్ద కంపెనీల అండ లేకుండా మన పిల్లలు సొంతంగా చేసినవే రాశాను. పొన్నూరులో రైసుమిల్లు మెకానిక్ వాసిం వాయిద్యాలన్నీ ఒక్కడే వాయించి చేసిన ‘ఊక’ రాశాను. నల్లపాడు అమ్మాయిలు నలుగురు కలిసి చేసిన ‘ఔటర్ సిగ్నల్’ రాశాను. ఫలితం చెప్పమంటారా? ఒక రైతు సోదరుడు అవి కొత్త మిరప విత్తనాల పేర్లనుకుని ఎకరానికి దిగుబడి ఎంతొస్తుందని అడిగారు. ఆయన్ని నేనేమీ అనను, కనీసం కొందామనే అడిగారు. మా ఆఫీసు మిత్రులు లింకు పంపండి మేడం, ఊరికే విని ఆశీర్వదిస్తాం అన్నారు. ఆశీర్వాదాలతో గిటారు తీగలు వస్తాయో లేదో కొట్లో కనుక్కుని చెబుతాను.

ఇక ఇవాళ్టి ఆల్బమ్. పేరు ‘ఆరో నంబరు గది’. బ్యాండు పేరు ‘తాలుకాయలు’. రంగు పోయిందని మనం ఏరి పక్కన పడేసే కాయల పేరే పెట్టుకున్నారు, తమ సంగతి తమకు బాగా తెలిసిన పిల్లలు. డ్రమ్ములు మా ముదస్సిర్‌వి. వారమంతా చీమకుర్తిలో గ్రానైటు కోసి ఆదివారం ఇక్కడికొస్తాడు. గొంతు తేజశ్రీది, అదిగో మూడో వరసలో కూర్చున్న రైతు బాపయ్య గారి అమ్మాయి.

మన ఆరో నంబరు గది చల్లబడటం మానేసి నాలుగేళ్లయింది. తాళంచెవి నా దగ్గరుంది కాబట్టి ఆదివారాలు వాళ్లకి తెరిచాను. ఎవర్ని అడిగి తెరిచారని అనకండి మేనేజరు గారూ, ఆ గది ఉందని మీకు గుర్తొచ్చింది నిన్ననే. (నవ్వులు)

గది మారుమోగుతోందని ఈ మేధావులు గోడల నిండా ఖాళీ గోతాలు కట్టారు. మిరపకాయలు మోసిన గోతాలు. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లు, ముందు దులపాలని ఒక్కరికీ తోచలేదు. ముదస్సిర్ మొదటి దెబ్బ కొట్టగానే గోతాల్లోంచి ఘాటు దిగింది. తేజశ్రీ పాడబోయి దగ్గింది, దగ్గుతూనే పాడింది, కళ్ల నీళ్లు కారుతున్నా చివరిదాకా పాడింది. మళ్లీ చేస్తే ఆ గొంతు రాదని అదే ఉంచేశారు. ఆ గొంతు వెనక ఏళ్ల తరబడి కఠోర సాధన కనిపిస్తోందని బెంగళూరు నుంచి ఒకాయన రాశాడు. ఉంది మరి, సాధన చేయించింది మన మిరపకాయ.

సరే. రేపు ఆ గది తాళం మారుస్తామని నిన్న మేనేజరు గారు సెలవిచ్చారు. చప్పుడుకి పక్క గదుల్లో సరుకు పాడవుతుందట. కంప్రెసర్ పక్కన నేను ఇన్నేళ్లు పాడవలేదు, మిరపకాయలు అంత సున్నితమా? నవ్విస్తున్నాను గానీ, నిన్నటి నుంచి నాకు అన్నం సహించలేదు. వాళ్ల రెండో ఆల్బమ్ సగంలో ఉంది. ఆ గది పోతే ఇంకో గది లేదు. అద్దె ఇళ్లలో డ్రమ్ములు వాయిస్తే ఎవరు ఊరుకుంటారు?

అందుకే ఇందాక టిఫిన్ల వేళ మైకుసెట్టు సలీంకి చెప్పి ఆ ఆల్బమ్ పెట్టించాను. మేనేజరు గారు ఆ జనరేటరు ఆపమని కేకేశారు. (నవ్వులు) మీరంతా ఇడ్లీల్లో మునిగి ఉన్నారు. ఒక్క బాపయ్య గారు మాత్రం ప్లేటు పక్కన పెట్టి స్పీకరు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఆ అరుపులు నాకు వినిపించొద్దని ఏడాదిగా కూతురితో అంటున్న మనిషి, పాట అయిపోయేదాకా కదల్లేదు. తర్వాత నా దగ్గరికి వచ్చారు.

“మేడం, పాటేందో నాకు తెలీలేదు. ఆ దగ్గు మాత్రం మా తేజదే. చిన్నప్పుడు కల్లంలో కాయలేరుతా ఇట్టాగే దగ్గేది” అన్నారు.

ఆ గోతాలు ఎవరివని అడిగారు. మీవేనండి, మీ గుర్తే ఉంది అన్నాను. ఆ పాతవి పిల్లదాని గొంతుకి మంచివి కావు, రేపు పొద్దున్నే కొత్త గోతాలు బండికెత్తించి పంపిస్తానన్నారు.

మన స్టోరేజీలో అందరికన్నా ఎక్కువ సరుకు పెట్టే రైతు ఎవరో నేను మేనేజరు గారికి గుర్తు చేయక్కర్లేదు.

ఇన్నేళ్లు నన్ను భరించినందుకు మీ అందరికీ ధన్యవాదాలు. ఆల్బమ్‌లు గుమ్మం దగ్గర సలీం చేతిలో ఉన్నాయి, తలా ఒకటి కొనుక్కుని వెళ్లండి. వినకపోయినా పర్వాలేదు, శాలువాలు కూడా కప్పుకోవడానికే కొంటున్నామా?

మేనేజరు గారూ, ఇదిగో తాళంచెవి. పద్ధతి ప్రకారం మీ చేతికే ఇస్తున్నాను. రేపు బాపయ్య గారి బండి వచ్చేసరికి ఆరో నంబరు గది తలుపు తీసి ఉంచండి. ఇక నాకు సెలవు.