ఎంతమంది పడతారు

నా పేరు సన్యాసి. ఖిదిర్‌పూర్‌లో మా కార్పొరేషన్ క్వార్టరు. మధ్యాహ్నం. నేనూ, మా అమ్మాయి పుష్పరాణీ మాట్లాడుకుంటున్నాం. మా ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

“తొక్కేస్తారే పుష్పా. ఆ జనంలో నిన్ను తొక్కేస్తారు.”

“ఇంకా చెప్పులైనా ఏసుకోనేదు, అప్పుడే తొక్కేసేరా?”

“నవ్వకు. ఆ పాటలేవో ఫోన్లో ఇనొచ్చు గదా.”

“ఫోన్లో ఇంటే ఏం బాగుంటాదమ్మా. నా నేస్తం మౌమితా టికెట్లు కూడా తీసేసింది. ఒక్క సాయంత్రం.”

“ఆ స్టేడియంకే ఎందుకే? ఊర్లో ఇంకో జాగా నేదా?”

“అంత జనాన్ని ఎక్కడ కూకోబెడతారు, మన వాట్‌గంజ్ గల్లీలోనా? అది పెద్ద జాగా. అరవై వేల మంది పడతారు.”

“ఏటన్నావు?”

“అరవై వేల మంది...”

“ఆ మాటనకు.”

“ఏ మాట? నంబరా?”

“పడతారని. ఆ మాట ఈ ఇంట్లో అనకు.”

“పడతారంటే పడిపోడం కాదమ్మా. జాగా సరిపోద్దని. మొన్న ఈ డబ్బాలో బియ్యం ఎన్ని పడతాయని నువ్వే అడిగేవు కదా.”

“బియ్యానికి ఊపిరాడక్కర్నేదు.”

“సరే, బెంగాలీలో అంటాను. ‘ధరే’. అరవై వేల మందిని ధరే. పట్టుకుంటాది అని. ఇప్పుడు బాగుందా?”

“పట్టుకుంటాదా? మరి మీ అన్నని పట్టుకోనేదేం?”

“అమ్మా.”

“ఏం, తప్పన్నానా? అశోక్ కూడా ఇలాగే నవ్వుతా ఎల్లేడు. ఫుట్‌బాల్ ఆట, బేగి వచ్చెస్తానన్నాడు. గేటు కాడే నలిగిపోయేడు. లోపలికైనా ఎల్లేడా నా బిడ్డ? ఆటైనా సూసేడా?”

“అప్పుడు టికెట్టు నేనోళ్ళు కూడా వచ్చీసేరు. భీడ్ ఎక్కువైపోయింది. నువ్వే సెప్పేవు.”

“నాను సెప్పడమేటి, ఆఫీసరుబాబులొచ్చి ఈ మంచం మీదే కూకుని సెప్పేరు. లోపల నిండిపోయింది తల్లీ, సూది మోపే జాగా నేదు, అందుకే గేటు మూసేసేమని. ఎవుల్నని ఏటి లాభం? జాగా నేదు, అంతే. పట్టనికాడికి పోకూడదు మనిషి.”

“ఇప్పుడలా కాదమ్మా. కుర్చీ కుర్చీకీ నంబరుంది. నా నంబరులో ఇంకోళ్ళు కూకోరు.”

“అప్పుడూ అలాగే అన్నారు.”

“బస్సెక్కితే బయం, పూజలకెల్తే బయం. ఈ గదిలోనే ముసిల్దాన్నయిపోతాను నాను.”

“అవ్వవే. అదే కావాలి నాకు. ముసిల్దానివవ్వు.”

“నాన్నా, నువ్వైనా సెప్పు.”

“ఆయనేటి సెప్తాడు? ఆ దినం ఆయన డ్యూటీ కూడా అక్కడే. ఆటయ్యాక గేలరీలు తుడిసి, సీపురు బుజానేసుకుని బయటికొస్తే అప్పుడు తెలిసింది కొడుకు సంగతి. అప్పట్నుంచి ఆ ఊసెత్తితే నోరిప్పడు.”

“నాన్నా.”

“వొగ్గీయే. మాటాడడు.”

“నాన్నా, నువ్వొద్దంటే మానేస్తాను. మౌమితాకి ఇప్పుడే ఫోన్ సేసి సెప్పేస్తాను. వొద్దనైనా అను. ఏదో ఒకటి నీ నోటితో ఇనాలి నాను.”

“టీ సల్లారిపోతంది, తాగు మావా. ఏటలా సూస్తన్నావు దాన్ని? మావా?”

“నాన్నా?”

“మావా, నాకు బయమేస్తంది. ఏటో ఒకటి అను.”

“దాంతో నానూ ఎల్తాను. గేటు కాడ నిలబడతాను, మూస్తే తీయిస్తాను. జాగా నేక కాదు సన్యాసీ ఆ దినం మూసింది. ఉత్తరం గేలరీ తుడవమని పంపేరు నన్ను. తుడవడానికక్కడ ఏటీ నేదే. ఒక్క సెనక్కాయ తొక్క నేదు. ఒక్క మనిషీ కూకోనేదు.”