మంచు తుపానుకు స్టే ఇచ్చిన జడ్జి

అమెరికాలోని కార్వెల్ ఊళ్లో ఫెడరల్ జిల్లా కోర్టులో ఇరవై ఏడేళ్లు జడ్జిగా చేసి దిగిపోయిన ఆరిన్ హాల్వర్సన్‌గారి బొమ్మ మర్నాడు కోర్టు హాలు గోడకెక్కుతుంది. దాని కింద బిగించే ఇత్తడి పలక చెక్కేవాడు లైల్. ఆ పొద్దున ఆల్మా కాఫీ కొట్లో కాగితం, పెన్సిలు పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాడు. మొదటి వరుసలో పేరు, ఏళ్లు రాసుకున్నాడు. రెండో వరుస ఇంకా ఖాళీ. ముందరి జడ్జి బొమ్మ కింద రెండు వరుసలున్నాయి. ఆ సంగతి హాల్వర్సన్‌గారిని ఏళ్ల తరబడి తినేస్తోంది.

"రాసుకో. ఈయన ఇచ్చిన ఒక్క తీర్పునీ పైకోర్టు కొట్టెయ్యలేదు," అన్నారు.

"ఒక్కటి కూడానా?" అన్నాడు పక్కనున్న దుంపల రైతు గస్.

"ఎలా కొట్టేస్తారయ్యా? నేను చేరిన మొదటి జనవరి. బయట సున్నాకి ముప్ఫై డిగ్రీల కింద చలి. లోపల గదులు వేడిచేసే బాయిలరు చచ్చింది. ఇంకొకడైతే కోర్టు మూసుకుని పోయేవాడు. నేను నల్లకోటు మీద గొర్రెతోలు కోటు తొడుక్కుని విచారణ నడిపాను."

"ఆ చలి నిజమే. మా ఆవులు కొట్టం దాటలేదు."

"మధ్యాహ్నానికి తుపాను మొదలైంది. కిటికీలు ఊగిపోతున్నాయి, వకీలు నోరు కదుపుతున్నాడు గానీ మాట వినపడదు, జ్యూరీలో పన్నెండుమందీ ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు, నేను సుత్తి తీసి బల్ల మీద ఒక్కటిచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి ఆగింది!"

"దానంతటదే ఆగిందేమో," అంది ఆల్మా, కాఫీ పోస్తూ.

"చట్టం తెలిసి ఆపానమ్మా! అది పుట్టింది పక్క రాష్ట్రం మోంటానాలో. సరిహద్దు దాటి మన నార్త్ డకోటాలోకొచ్చింది. రాష్ట్రం దాటిన వ్యవహారం ఎవరిది? ఫెడరల్ కోర్టుది! అక్కడికక్కడే స్టే ఇచ్చాను. కోర్టు కాగితాలు అందించే మార్షల్‌ను పిలిచి, పోయి దీన్ని తుపానుకు అందజేసి రా అన్నాను. అతను నిచ్చెనెక్కి..."

"నిచ్చెనా?"

"మరి పైన ఉంటుంది కదా గస్! మబ్బుకి కాగితం అంటించి దిగాడు. అంతే, పడుతున్న మంచు పడుతున్నట్టే గాల్లో నిలబడిపోయింది. పదకొండు రోజులు! జనం దాన్ని చేత్తో పక్కకి నెట్టుకుంటూ బజారుకెళ్లారు. ఆల్మా, మీ నాన్న ఒక మంచు రేకుకి టోపీ తగిలించి పనిలోకి దిగేవాడు. మరి తుపాను ఊరుకుంటుందా? చికాగో నుంచి వకీలును పెట్టుకుని అప్పీలుకెళ్లింది. పైకోర్టులో ముగ్గురు జడ్జీలు నా ఉత్తర్వు చదివి లేచి నిలబడ్డారు. మా తీర్పులు కూడా పంపుతాం, కాస్త దిద్ది పెట్టండని ఉత్తరం రాశారు. రెండు లారీలొచ్చాయి!"

గస్ తల ఊపాడు. ఆల్మా ఊపింది. లైల్ కూడా ఊపాడు.

"చూశావా, అందరూ ఒప్పుకున్నారు. రాసెయ్." లైల్ రెండో వరుస రాశాడు.

మూల కుర్చీలోని వెర్నా కప్పు కింద పెట్టింది. ఆ ఇరవై ఏడేళ్లూ కోర్టులో పలికిన ప్రతి మాటా టైపు చేసింది ఆవిడే.

"ఆగు లైల్. తల ఊపితే రికార్డుకెక్కదు, నోటితో చెప్పాలి. ప్రతి సాక్షికీ ఆ మాట చెప్పింది జడ్జిగారే. ఏం గస్, నమ్మావా, లేదా?"

గస్ పళ్లెంలోకి చూశాడు. ఆల్మాకి వంటింట్లో ఏదో పని గుర్తొచ్చింది.

"ఆ రోజు నేనక్కడే ఉన్నాను," అంది వెర్నా. "రెండింటికే కోర్టు మూసేశారు. జ్యూరీ వాళ్లను తన ట్రక్కులో ఎక్కించుకుని ఒక్కొక్కరినీ ఇంటి గుమ్మంలో దింపారు. అది రాయించుకోరు. ఇక పైకోర్టంటారా, నాలుగు తీర్పులు కొట్టేసింది. ఆ నాలుగింటి కాగితాలూ టైపు చేసి పంపింది నేనే."

జడ్జిగారి చెవులు ఎర్రబడ్డాయి. "మూడు!"

"నాలుగు, జడ్జిగారూ."

"నాలుగోది సగమే కొట్టేశారు!" అని బల్ల మీద గుద్దారాయన.

లైల్ తను రాసిన రెండో వరుస నిదానంగా కొట్టేసి, పెన్సిలు మొన నాలిక మీద తడుపుకున్నాడు.

"అయితే మూడున్నర అని చెక్కమంటారా?"