బోల్టు మీద గీత

లోహాలు పరీక్షించే ల్యాబులో, లిఫ్టు నుంచి విరిగిపడిన బోల్టు ముక్క మైక్రోస్కోపు కింద ఉంది. టెక్నీషియను దాన్ని చూస్తున్నాడు. పై అధికారిణి అతని వెనక నిలబడి ఉంది.

“పగులుంది మేడం. బోల్టు తయారీలోనే లోపం. మా బావ తప్పేం లేదు.”

“మీ బావా?”

“మా అక్క భర్త. ఆ లిఫ్టు బిగించింది ఆయనే. సరిగ్గా బిగించలేదని అందరూ ఆయన మీదే పడ్డారు.”

“ఆ మాట ముందే చెప్పాల్సింది. జరుగు, నన్ను చూడనీ. బొమ్మంతా ఇంత మసకగా ఉంటే పగులని ఎలా తేల్చావు?”

“నల్లగా గీత కనిపిస్తోంది కదండీ.”

“మెరిసే లోహం కదా, వెలుగు తిరిగొచ్చి లెన్సులోనే కొడుతోంది. లైటు తగ్గించు. ముక్క కూడా ఒక పక్కకి ఒరిగింది, మైనం మీద సమంగా నొక్కు.”

“ఇప్పుడు గీత ఇంకా బాగా తెలుస్తోంది మేడం.”

“తెలుస్తోంది. కానీ పరీక్షకి ముందు ముక్కని పాలిష్ చేసేటప్పుడు పడ్డ గీత కూడా ఇలాగే ఉంటుంది. మళ్ళీ పాలిష్ చేస్తే అది పోతుంది. పగులైతే లోపలిదాకా ఉంటుంది, పోదు. నేను చేస్తాను, నువ్వు కూర్చో.”

ఆమె ముక్కను నునుపు చేసి, కడిగి, ఆరబెట్టి తెచ్చేదాకా అతను కుర్చీలోంచి కదల్లేదు.

“చూడు.”

“పోయింది మేడం.”

“లోహంలో ఏ లోపమూ లేదు. రిపోర్టులో చూసింది నేనని రాస్తాను. ఈ పరీక్షలో నువ్వూ ఉన్నావని మీ అక్కకి తెలియక్కర్లేదు.”

“మీ పేరే రాయండి. కానీ అక్కకి నేనే చెప్తాను. ఇది కడుపులో పెట్టుకుని ఆవిడ చేతి అన్నం తినలేను.”