కదలకురా గంగులూ

హలో… ఆ, నేనే, మరిడమ్మని. ఇశాపట్నం ఆసుపత్రి నుంచి… గంగులూ, నువ్వేనా? గట్టిగా మాటాడరా, మిల్లు సప్పుడులో ఇనపడ్డం లేదు.

అన్నా?… ఉన్నాడు. ముందు నా మాటిను.

డాక్టరు గారు అన్న సేతులు సూసారు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇంత పొడుగున్నాయా అనడిగారు… నవ్వకు. మీ అన్నదమ్ములిద్దరికీ మోకాళ్ళందే సేతులని, రాజయోగమని అమ్మ మురిసిపోయింది గానీ, అది వంశంలో వచ్చే జబ్బట. గుండె నుంచొచ్చే పెద్ద రక్తనాళం పలసబడి సీలిపోతాదట. నాన్న బస్తా ఎత్తతా పడిపోతే గాలి సోకిందనుకున్నాం కదా… ఆ. ఇదేనట.

ఇకమీద నువ్వు బస్తా ముట్టుకోకు. అది సెప్పడానికే—

ఏటి?… నీకా? ఎప్పట్నుంచి?

ఈపులోనా… రెక్కల నడుమ… సీరేసినట్టా?

ఓలమ్మో.

తైలమెట్టి ఈపు తొక్కించుకున్నావా? వద్దు, ఇంక తొక్కనీకు. నువ్వలా నిలబడకు. షావుకారు గణపతిరావు గారికి ఫోనిచ్చి బల్ల మీద పడుకో… నొప్పి తగ్గితే మాత్రం? పడుకోమన్నానా!

గణపతిరావు బాబూ, నేను మరిడమ్మని, గంగులు తోడబుట్టిన అప్పని. ఆడికినపడకుండా ఇనండి. మా జగన్నాధం అన్న పోయాడు… ఇందాకే బాబూ. ఈ నొప్పితోనే.

సెప్పకండి, మీకు దణ్ణమెడతాను. అన్నకి కొడుకుల్లేరు, కొరివి ఆడే ఎట్టాల. తెలిసిందంటే బస్సుకి పరిగెడతాడు. బెదిరినా, పరిగెట్టినా రక్తపోటెక్కి ఆ నాళం పగిలిపోతాదన్నారు… ఆ. డాక్టరుని మిల్లుకే రప్పించండి. రక్తపోటు తగ్గే మందు ఏయించి, మీ కారులో పడుకోబెట్టి తెండి. నడిపించకండి.

కొరివా… నేనెట్టుకుంటాను… ఆడదాన్నయితే ఏటి బాబూ? నలుగురూ ఏటన్నా అననీండి. ఉన్న ఒక్కడినీ నాకు పేణాలతో తెచ్చియ్యండి.

మళ్ళీ లేసాడా?… ఫోను ఆడికియ్యండి.

ఒరే, ఎందుకు లేసావు?… అన్నతో మాటాడతావా? ఇప్పుడు మాటాడకూడదట.

నా మాట నువ్వెప్పుడిన్నావు గనక. పడుకోమంది నేను కాదురా, అన్న… ఆ, అన్నే సెప్పమన్నాడు… ఇందాకే… నీ పేరెట్టి మరీ అన్నాడు, గంగుల్ని కదలొద్దను అని.

పడుకుంటన్నావా?… ఆ… అలాగే నాయనా.

ఫోనెట్టేత్తన్నాను మరి.