ముప్పై గ్రాములు

ఆండర్సన్‌పేటలో ఒక ఇంటి గడప మీద, గనిలో పనిచేసిన తాత, పీయూసీ ఫిజిక్స్ తప్పిన మనవరాలు కూర్చున్నారు.

"రెండు మార్కుల్లోనే పోయిందా? ఏ ప్రశ్నమ్మా?"

"గనిలోకి దిగితే మనిషి బరువు పెరుగుతాదా, తగ్గుతాదా అని. పెరుగుతాదని రాసినాను తాతా."

"సరిగ్గానే రాసినావు కదా!"

"లేదు. పుస్తకం లెక్కలో లోపలికి పోయేకొద్దీ భూమి లాగేది తగ్గుతాదంట. నువ్వు చెప్పిందే నమ్మినాను."

"ఇరవై ఎనిమిదేండ్లు దిగినాను. షిఫ్టు అయ్యేసరికి కాలు ఎత్తేకి అయ్యేది కాదు. ఇంగ తగ్గేది ఎంతంట?"

"రెండు మైళ్ళ లోతులో నీకు ముప్పై గ్రాములు."

"అంతేనా?"

"అంతే. దానికే రెండు మార్కులు."

తాత కాసేపు మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"మళ్ళా రాసేటప్పుడు తగ్గుతాదనే రాయమ్మా. నేను మోసింది నాకు తెలుసు. నువ్వు పాస్ కావల్ల."