ఇంట్లో నలుగురం

హలో… ఆ, నేనేనమ్మా… మీరా! సమావేశాల హాలు వెబ్‌సైట్ అమ్మాయి! గొంతు ఇట్టే పట్టేశాను చూడండి…

లేదు లేదు, చెప్పండి. నాకేం రాచకార్యాలున్నాయి…

నిజమా! నా పేరు రేపట్నుంచే అందులో కనిపిస్తుందా? ఏమని రాశారు, ఓసారి చదవండి… "మీటింగులకి వచ్చినవాళ్ళు ఓ కుటుంబంతో కలిసి కూర్చుని ఇంటి భోజనం చేయొచ్చు"… ఎంత బాగుందమ్మా!

మా కింద దర్జీ ఉన్నాడుగా, మీరు ఆయన్ని అందులో పెట్టాక, వచ్చినవాళ్ళ కోట్లు ఇస్త్రీ చేయలేక చస్తున్నాడు. ఎదురింటి టాక్సీ అతనైతే బేరాలతో తీరిక లేక పలకరించినా పలకట్లేదు… అవును మరి! ఇదివరకు హాల్లోనే తిని, హాల్లోనే కొని, మా వీధి మొహం చూడకుండా పోయేవాళ్ళు.

ఫోటోనా? … ఈ సాయంత్రమే?

అందరూ ఉండాలా… అంటే, నలుగురూ…

ఉన్నా, ఉన్నా. లైన్లోనే ఉన్నా.

అమ్మా… మొన్న మీరు ఇంట్లో ఎంతమంది అంటే నలుగురం అన్నాను కదా. బల్లకి నాలుగు కుర్చీలు… నోట్లోంచి అలా వచ్చేసింది… ఊళ్ళో లేకపోవడం కాదు, అసలు ఎవరూ లేరు. ఆయన పోయాక నేనొక్కదాన్నే.

పోనీ, దర్జీవాళ్ళని కూర్చోబెట్టనా? … వద్దా. నిజమే, ఆ మనిషి కెమెరా చూస్తే బిగుసుకుపోతాడు కూడా.

… ఓహో. కుటుంబం ఉంటేనే… రూలు. మధ్యలో మీరేం చేస్తారు తల్లీ…

పార్శిళ్ళా? రోజుకి ముప్పై డబ్బాలా! హాలుకి పంపిస్తే చాలా?… రాసుకోండి, రాసుకోండి. వచ్చిన లక్ష్మిని కాలదన్నుకుంటామా…



… నిజం చెప్పనా? డబ్బాలు పోతాయి, మనిషి రాడు కదమ్మా. ఇంకాస్త వడ్డించనా అని అడగడానికి ఒక్కరుంటే చాలనుకున్నా.

మీరు తిన్నారా? … నేనా, వడ్డించుకున్నా. చల్లారిపోయింది. రోజూ ఇంతే, ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద దిగదు…

అమ్మాయ్, ఫోన్ కట్ చేయకుండా అలా పక్కన పెట్టుకుంటారా? ఏం మాట్లాడక్కర్లేదు. మీ పని మీరు చేసుకోండి. ఆ కీబోర్డు టకటక వినిపిస్తుంటే నాలుగు మెతుకులు తినేస్తా…

… మీటింగుందా. ఆ, వెళ్ళండి, వెళ్ళండి. పిలుస్తున్నారుగా…

సరే, ఉంటా… ఎప్పుడైనా ఇటువైపొస్తే, మీరొక్కరే ఓసారి—

హలో? … హలో?